వెయ్యి బిందెలు

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలం. అంతకుముందు రెండేళ్లూ వానలు సరిగ్గా పడలేదు. జహీరాబాద్ దాటి బొంబాయి రోడ్డు మీద మైలున్నర పోతే ఎడమ పక్కన మా నర్సరీ ఉండేది. నర్సరీ అంటే పెద్ద మాటే. కౌలుకు తీసుకున్న అరెకరం నేల, ముందు ఒక పందిరి, వెనక రెండు గదుల రేకుల ఇల్లు, ఒక బోరు. అందులో నేను, మా ఆయన గురులింగప్ప, మా అత్త అనంతమ్మ.

ఆ ఏడు మా దగ్గర మూడు వందల ఇరవై మందార చెట్లు తయారుగా ఉన్నాయి. అన్నీ పదిహేను కిలోల నూనె డబ్బాల్లో పెంచిన నడుమెత్తు పొదలు. ఊరి బయట కొత్తగా కడుతున్న సిమెంటు పైపుల ఫ్యాక్టరీ వాళ్లు క్వార్టర్ల రోడ్డుకు రెండు వైపులా నాటడానికి వాటిని అడిగారు. జూన్ మొదటి వారంలో ఇవ్వాలి. అక్కడ తోటపని చూసే మదన్‌మోహన్ సారు మార్చిలో వచ్చి చూసి, "మంచిగున్నయి. ఇవి ఇచ్చినంక తోట కాంట్రాక్టు గూడ నీకే ఇప్పిస్త గురులింగప్పా" అని చెప్పి పోయాడు.

ఆ మాట మీద మేము చాలా దూరం ఆలోచించాం. మా ఆయన ఎనిమిదేళ్లు లారీల మీద బస్తాలెత్తి నడుము పోగొట్టుకున్న మనిషి. డబ్బాలెత్తి దించుతుంటే నొప్పితో పళ్లు కొరుక్కోవడం నాకు కనిపించేది. కాంట్రాక్టు వస్తే మోసే పని వేరేవాళ్లు చేస్తారు, ఆయన చూసుకుంటే చాలు.

ఏప్రిల్ రెండో వారంలో ఆకుల కొసలు మాడడం మొదలైంది. మొదట చూసింది నేనే. ఎవరో బీడీ నిప్పు ఆనించినట్టు, ఒక్కో ఆకు చివర గోరంత గోధుమరంగు. ముట్టుకుంటే పెళుసుగా విరిగింది. పది రోజుల్లో అది అన్ని చెట్లకూ పాకింది.

"ఎండ దెబ్బ," అన్నాడు మా ఆయన. గోనెసంచులు విప్పి, నా పాత చీరలు చింపి చెట్ల మీద నీడ కట్టాం. తగ్గలేదు. పురుగేమోనని వేపగింజలు దంచి నానబెట్టి ఆ నీళ్లు చల్లాం. ఆకు తిప్పి తిప్పి చూశాను, పురుగు జాడ లేదు. నీళ్లు చాలడం లేదేమోనని పూటకు ఒకసారి పోసేది రెండుసార్లు పోశాం. మాడు ఇంకా లోపలికి పాకి, ఆకుల అంచులు రెండు పక్కలా సన్నగా కాలిన కాగితంలా ముడుచుకున్నాయి. చివరికి బలం లేదనుకుని గుప్పెడేసి యూరియా వేశాం. దాంతో పైన ఉన్న లేత ఆకులు కూడా పోయాయి.

మే నెల వచ్చేసరికి మా ఆయన చెట్ల వైపు చూడటం మానేశాడు. పొద్దున్నే లేచి పైపు పట్టుకుని నీళ్లు కొట్టేవాడు, చూపు మాత్రం రోడ్డు మీది లారీల మీద ఉండేది.

మా గడప పక్కన పగిలిన కుండలో ఇంకో మందారం ఉండేది. మా అత్తది. ఆమె బీదర్ దిక్కు పుట్టింది కాబట్టి దాన్ని కన్నడంలో దాసవాళ అనేది. ఒకరోజు గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ తలెత్తి చూస్తే, దాని ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒక్క కొస మాడలేదు. అదే ఎండ, అదే మట్టి, అదే కొమ్మ నుంచి తెచ్చిన అంటు.

"అత్తా, నీ చెట్టుకు ఏం పోస్తున్నవ్?"

"నేనేం పోస్తనే? చెంబుల తాగంగ మిగిలిన నీల్లు పోస్త."

మేము తాగేవి బోరు నీళ్లు కావు. మా వెనక చేనులో రామచందర్ పటేలు మోటబావి ఉంది. గుట్టకింది వాడ ఆడవాళ్లతో పాటు నేనూ పొద్దున్నే పోయి రెండు బిందెలు తెచ్చుకునేదాన్ని.

బియ్యం చేట పక్కన పెట్టి డబ్బాల దగ్గరికి పోయాను. ప్రతి డబ్బా అంచునా, మట్టి మీదా తెల్లటి పొర ఉంది. రోజూ చూస్తున్నదే. సున్నం అనుకున్నాం, అసలు ఏమీ అనుకోలేదేమో. గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు, చివర్లో చేదు. బోరు పైపు మూతి దగ్గర కూడా అదే తెలుపు.

"రెండేండ్ల సంది గీ నీళ్లే పోస్తున్నం గద. ఇప్పుడే ఉప్పయినయా?" అన్నాడు మా ఆయన.

"అప్పుడు నీళ్లు మీదికుండె. ఇప్పుడు అడుగుకు పోయినయి. అడుగు నీళ్లు ఎట్లుంటయో ఎవలకెరుక?"

ఆయన నమ్మలేదు. నమ్మకపోవడానికి కూడా ఆయనకు ఓపిక లేనట్టుంది. రెండు ఆకులు తడిగుడ్డలో చుట్టుకుని నేనే ఊళ్లోకి పోయి గ్రామసేవక్ మాణిక్ సారును కలిశాను. ఆయన అప్పుడే ఝరాసంగం దిక్కు తిరిగి వచ్చి సైకిలు గోడకు ఆనించి, లోపల కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. ఆకులు వెలుతురుకు పట్టి చూశాడు. నేను తెల్లపొర సంగతి, యూరియా సంగతి చెప్పాను.

"నువ్వే పట్టినవ్ గదమ్మా, ఇంక నేనేం చెప్పాలె. బోరు నీళ్ల ఉప్పంత డబ్బాలల్ల పేరుకున్నది. యూరియా ఏసి మంట మీద నూనె పోసిన్రు."

"ఏం చెయ్యాలె సారూ?"

"మందేం లేదు. బోరు నీళ్లు ఆపాలె, ఎరువు బంద్ చెయ్యాలె. డబ్బాల కింద బొక్కలు పెద్దగ చేసి, మంచినీళ్లు పైనుంచి నిమ్మలంగ పోస్తె ఉప్పు కరిగి కిందికెల్లి కారిపోతది. జర తడి చేస్తె కాదు. డబ్బా ఎంత పడ్తదో దానికి మూడింతలు పొయ్యాలె."

"మూడింతలంటె ఎన్ని?"

"ఒక్కో డబ్బాకు మూడు బిందెలనుకో."

"గన్ని మంచినీళ్లు ఎక్కడియి సారూ?"

మాణిక్ సారు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట బోరింగు దగ్గర బిందెల వరస రోడ్డు దాకా ఉంది. "అది నన్నడగకమ్మా," అన్నాడు.

ఇంటికి నడుస్తూ లెక్క వేశాను. మూడు వందల ఇరవైకి మూడేసి. వెయ్యి బిందెలకు నలభై తక్కువ.

రామచందర్ పటేలు దగ్గరికి పోయింది కూడా నేనే. ఆయన చేను గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా చెరుకు మొద్దులు ఎండి బూడిదరంగులో ఉన్నాయి. నేను అడిగింది మొత్తం విన్నాడు.

"చెరుకు ఎండబెట్టుకున్న సుగుణమ్మా. అల్లం గూడ ఏస్తలేను. ఎందుకు? గా వాడోళ్లు తాగుతరని. నా బాయిల పూడిక తీసినోడు మీ ఆయన. నువ్వొచ్చి అడిగితె లేదనబుద్ధయితలేదు. మోటరు ఏసుకో. కని ఆడోళ్లకు నేను చెప్ప. నువ్వె చెప్పుకో."

వాడలో నాకు బాగా తెలిసింది నాగవ్వ. కంకర కొట్టే పని లేనప్పుడు వచ్చి మా దగ్గర డబ్బాల్లో మట్టి నింపేది. ఆమెతో చెప్పాను.

"ఒక్కరోజు నాగవ్వా. బుధారం ఒక్కరోజే. మంగళారం ఎక్కువ తోడి పెట్టుకోన్రి."

"ఒక్కరోజే గదక్కా. ఎట్లనన్న ఎల్లదీస్తం," అంది.

బుధవారం ఆరింటికి కరెంటు వచ్చింది. పదింటి దాకా ఉంటుంది. బావి నుంచి మా నర్సరీ దాకా రబ్బరు పైపు పరిచాం. మా ఆయన గునపంతో డబ్బాల అడుగున బొక్కలు పొడుస్తూ ముందు నడిచాడు, నేను పైపు పట్టుకుని వెనక నడిచాను. మొదట కింది నుంచి టీ డికాషన్ లాంటి నీళ్లు, తెల్లటి నురగతో వచ్చాయి. పోస్తూ పోస్తూ ఉంటే రంగు పలచబడి చివరికి తేటగా కారాయి. అలా తేటపడ్డాకే పక్క డబ్బాకు జరిగేదాన్ని. చాలా రోజుల తరువాత నాకు చేతుల్లో బలం వచ్చినట్టయింది. రోగం నేను కనిపెట్టాను, మందు నేను వేస్తున్నాను. మా ఆయన కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసి తల ఊపాడు.

కరెంటు పోవడానికి ఇంకా పావుగంట ఉండగానే మోటరు గాలి పీల్చింది. లెక్కపెడితే నూట యాభై రెండు డబ్బాలు అయ్యాయి.

మధ్యాహ్నం నాగవ్వ వచ్చింది. చంకలో బిందె, చేతిలో చెంబు. డబ్బాల్లోంచి కారే నీళ్లు రోడ్డు పక్క గుంటలోకి పోయేలా మేము చిన్న కాలవ తీశాం. అందులో ఇంకా సన్నగా పారుతున్నాయి. నాగవ్వ గొంతుక్కూర్చుని చేయి ముంచి నోట్లో వేసుకుని ఉమ్మింది.

"ఉప్పగున్నయక్కా."

"అవును. తాగేటియి కావు."

"తాగం తియ్. గుడ్డలకన్న అయితయి."

చెంబుతో ఒక్కొక్క గుక్కెడు ఎత్తి బిందెలో పోసింది. కాలవ లోతు లేదు, చెంబు సగం కూడా మునిగేది కాదు. బిందె నిండటానికి చాలాసేపు పట్టింది. నేను అక్కడే నిలబడ్డాను. లోపలికి పోతే బాగుండదనిపించింది, నిలబడినా బాగాలేదు. బిందె నెత్తికెత్తుకున్నాక అడిగింది.

"రేపు బాయికి రావొచ్చు గద?"

"సగమే అయినయి నాగవ్వా. రేపు గూడ ఏస్తె..."

ఆమె నెత్తి మీది చుట్టకుదురు సర్దుకుని పోయింది.

సాయంత్రం అన్నం తింటూ మా ఆయన, "అయిన కాడికి చాలదా?" అన్నాడు.

"చాలదు. ఫ్యాక్టరీ సారు అడిగింది మూడు వందల ఇరవై."

ఆయన కంచంలో చేయి కడుక్కుని లేచాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి పైపు భుజాన వేసుకుని పిలిస్తే, ఆయన మంచం మీద వెల్లకిలా ఉన్నాడు.

"నడుము పట్టింది సుగుణా. నేను లేవలేను."

అంతకుముందే ఆయన పెరట్లో గొంతుక్కూర్చుని పళ్లు తోముకోవడం నేను చూశాను. నడుము పట్టిన రోజు ఆయన గొంతుక్కూర్చోలేడు. పదమూడేళ్లుగా ఆ నడుముకు నూనె రాస్తున్నదాన్ని, నాకు తెలియదా. ఒళ్లు మండింది. చెట్లు నావి మాత్రమేనా, కాంట్రాక్టు నాకా. "పండుకో. నేను పోత," అని ఒక్కదాన్నే బావి దగ్గరికి పోయాను.

అక్కడ పదకొండు మంది ఉన్నారు. రాత్రంతా ఊట వచ్చి బావిలో పిక్కల లోతు నీళ్లు చేరాయి. నన్ను చూడగానే నాగవ్వ తన బిందె పక్కకు జరిపింది.

"జరుగున్రి. సుగుణక్క మోటరేసుకుంటది."

అందరూ జరిగారు. బిందెలు రాళ్ల మీద చప్పుడు చేశాయి. ఎవరూ నా మొహం వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. మోటరు గది తలుపు తీశాను.

గిరక దగ్గర ముసలి ఎంకమ్మ అప్పటికే చేద దించి ఉంది. పైకి లాగింది. చేద సగానికి నిండి ఉంది. దాన్ని అంచు మీద ఆనించి, అటు తన బిందెను, ఇటు నన్ను చూసింది.

"ఇది పోసుకోనా, మల్ల బాయిల పొయ్యనా?" అని అడిగింది.

దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగా తెలియక అడిగింది. ఆ నీళ్లు ఎవరివో ఆమెకు అర్థం కాలేదు.

"పోసుకో అవ్వా," అన్నాను.

తలుపు మూసి మోటరు గది మెట్టు మీద కూర్చున్నాను. "తోడుకోన్రి. మీ పని అయినంక ఏస్త." వాళ్లు మళ్లీ వరసలో నిలబడ్డారు. వాడ నుంచి ఇంకొంతమంది వచ్చారు. తొమ్మిదిన్నర దాటింది. అందరూ పోయాక మోటరు వేసి పైపు పట్టుకుని ఉరికితే, నర్సరీలో మా ఆయన గునపంతో బొక్కలు పొడుస్తూ కనిపించాడు. ఇరవై నిమిషాలు కూడా రాలేదు నీళ్లు. పద్దెనిమిది డబ్బాలు తడిశాయి. నడుము సంగతి నేను అడగలేదు. మోటరు ఎందుకంత ఆలస్యమైందని ఆయనా అడగలేదు.

శుక్రవారం మేము మోటరు వేయడానికి పోలేదు.

జూన్ రెండో తారీఖున మదన్‌మోహన్ సారు స్కూటరు మీద వచ్చాడు. అప్పటికి కడిగిన నూట డెబ్భై చెట్లకు చిగుర్లు విచ్చాయి. మిగిలిన నూట యాభై ఆకు రాల్చి పుల్లల్లా ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య ఆ చివరిదాకా నడిచి వచ్చాడు.

"సగం చెట్లతోని నేనేం చెయ్యాలె గురులింగప్పా? రోడ్డుకు రెండు దిక్కుల ఒక్క తీరుగుండాలె."

"జర ఆగున్రి సారూ. ఒక్క వాన పడితె ఇవి గూడ లేస్తయి," అన్నాను నేను.

"రెండేండ్ల సంది అందరు అదే అంటున్నరమ్మా."

హైదరాబాదు నుంచి తెప్పించుకుంటానన్నాడు. చెడ్డమనిషి కాదు. స్కూటరు దాకా పోయి ఆగి, "మాలి పనున్నది. కాంట్రాక్టు కాదు, రోజుకూలి. వస్తవా?" అని అడిగాడు. మా ఆయన చెట్ల వంక చూశాడు, నా వంక చూడలేదు.

"వస్త సారూ."

ఆ వారంలోనే హైదరాబాదు లారీ పచ్చటి చెట్లతో మా ముందు నుంచే పోయింది. వాటికి గుంతలు తవ్వింది మా ఆయనే. పొద్దున ఏడింటికి పోయి సాయంత్రం మట్టికాళ్లతో వచ్చేవాడు. అంతవరకు ఇద్దరం కలిసి చేసిన పని నేనొక్కదాన్నే చేసుకోసాగాను. నాగవ్వ ఎప్పటిలాగే మట్టి నింపడానికి వచ్చేది. చాలా రోజులు ఆమె మొహం చూడబుద్ధి కాలేదు నాకు. బావి దగ్గర మంచిపని చేశానని ఒక్కసారీ అనిపించలేదు. అలసిపోయాను, అంతే.

జూన్ ఇరవై రెండున మధ్యాహ్నం వాన పడింది. మామూలు వాన కాదు, రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. నేనూ మా అత్తా గడపలో కూర్చుని చూశాం. డబ్బాలు పొంగి, కింది బొక్కల్లోంచి టీ రంగు నీళ్లు కారాయి. గంటసేపటికి తేటపడ్డాయి. మూడు బిందెలు కాదు, ముప్పై బిందెలు పోసినట్టుంది ఒక్కో డబ్బాకు.

"మూడు వారాలు ముందు పడితె ఏం పోయె," అంది మా అత్త. ఎవరిని అడిగిందో తెలియదు. నేను లేచి, గాలికి పడిపోయిన డబ్బాలు నిలబెట్టడానికి తడుస్తూ పోయాను.

జూలైలో ఆ నూట యాభై కూడా చిగిర్చాయి. ఒకనాడు హుమ్నాబాద్ పోయే కారు ఆగింది. మహాదేవప్ప అనే పెద్దాయన, కొత్తిల్లు కట్టుకున్నాడట. ఒక చెట్టు దగ్గర వంగి కింది ఆకులు తిప్పి చూశాడు.

"కొసలు మాడినయేందమ్మా? రోగమా?"

"రోగం కాదు. ఎండాకాలం ఉప్పునీళ్లు పోసినం. ఇగ మాడవు."

"మరి ఇవి మల్ల పచ్చగైతయా?"

"కావు. మాడింది గట్లనే ఉంటది. మీద వచ్చిన కొత్తయి చూడున్రి."

"అయితె ఇవి తెంపియ్యి."

"తెంపొద్దు. పచ్చగున్న కాడికి అయి పనిచేస్తనే ఉంటయి. వాటంతట అవే రాలుతయి."

కొత్త చిగుర్లు చూసి నాలుగు తీసుకున్నాడు. ఆ నెలలో నేను అమ్మినవి పదకొండు.

ఆగస్టులో వానలు మళ్లీ ఆగిపోయాయి. ఒక సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పులు విప్పుతూ, ఫ్యాక్టరీలో నాటిన చెట్లకు కూడా ఆకుల కొసలు మాడుతున్నాయని చెప్పాడు. వాళ్లదీ బోరే.

"సారుకు చెప్పినవా?"

"చెప్పిన. మంచినీళ్లు పొయ్యాలె, చెట్టుకు నాలుగైదు బిందెలన్న కావాలెనని చెప్పిన."

"ఏమన్నడు?"

"ట్యాంకరు తెప్పిస్తడంట."

"ఎక్కడి నీళ్లు?"

"అడగలె," అన్నాడు.

కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చి, అన్నం వడ్డించడానికి లోపలికి పోయాను.